మిరప మీద మోపిన నింద

ఇప్పటికి ఎనిమిది అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎనిమిదింటికీ నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. ఏ రోజు ఎవరి చేతిలో పెట్టానో ప్రతిదాని వెనకా రాసి ఉంది. మూడో అర్జీ మీద గుమాస్తా టీ గ్లాసు పెట్టాడు. నెల తర్వాత వెళ్తే ఆ కాగితం అక్కడే ఉంది, గ్లాసు అచ్చు నా సంతకం చుట్టూ గుండ్రంగా ఆరిపోయి ఉంది. ఐదోది పోయిందన్నారు. "ఇంకోటి రాసియ్యండి పెద్దాయనా, మీకు చేతిలో పనే గదా" అన్నారు. రాసిచ్చాను. అదే ఆరోది.

నాకు మర్చిపోవడం చేతకాదు. మా పెదనాన్న మనవరాలి పెళ్ళిలో నన్ను మొదటి బంతిలోంచి లేపి రెండో బంతిలో కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళయింది. రెండో బంతి వచ్చేసరికి గారెలు అయిపోయాయి. ఆ సంగతి ఎత్తితే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అయితే నాకు జరిగిన అవమానం ఎంత గుర్తుంటుందో, జరిగిన మేలూ అంతే గుర్తుంటుంది. మేలు గురించి బయటికి మాట్లాడను, అంతే. ఈసారి దాని గురించే రాద్దామని కూర్చున్నాను. అర్జీలు రాసిన చెయ్యి కాబట్టి మొదలు ఇలా వచ్చింది.

మాది గుంటూరు నుంచి ఒంగోలు పోయే పెద్దరోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఊరు. చుట్టూ పత్తి, మిరప. నేను జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి దిగాను. ఇల్లు రోడ్డు వారనే ఉంటుంది. కట్టుకున్నప్పుడు ఆ రోడ్డు మీద ఎడ్లబండ్లు, సైకిళ్ళు తప్ప ఏమీ పోయేవి కావు. తర్వాత మా ఇంటికి అర మైలు అవతల కోల్డ్ స్టోరేజీ కట్టారు. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా మార్కాపురం వైపు నుంచీ, పల్నాడు వైపు నుంచీ టిక్కీలు వస్తాయి. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. అక్కడ బస్తాలు దించే ముఠా కూలీలు కొద్దిమంది, వచ్చే లారీలు బోలెడు. అందుకని గేటు దగ్గర మొదలైన వరస మా అరుగు దాటి, టీ కొట్టు దాటి, పెద్దరోడ్డు మలుపు దాకా సాగుతుంది. పది అడుగులు జరుగుతుంది, ఆగుతుంది. ఇంజన్లు మాత్రం ఆగవు.

మా ఆవిడది కారం చెయ్యి. ఇది నేను చెప్పే మాట కాదు, బంధువులు చెప్పే మాట. ఏటా మంచి కాయ ఎంచి తెప్పించుకుని, ముచ్చికలు, అంటే తొడిమలు తీసి, డాబా మీద మూడెండలు ఎండబెట్టి, దగ్గరుండి మిల్లు పట్టించి, ధనియాలూ వెల్లుల్లీ పాళ్ళు తన చేత్తో కలిపి, ఇరవై ఇళ్ళకి ఏడాది కారం ఆమే చేసిచ్చేది. వేటపాలెంలో ఉన్న మా వియ్యపురాలు కూడా, ఎవరినీ మెచ్చుకోని మనిషి, ఈ కారం అయిపోతే కబురు పంపేది. ఏడాదిలో ఆ రెండు నెలలు మా ఆవిడ నడకే వేరుగా ఉండేది. కొంగు బిగించి, నన్ను కూడా పక్కకి తప్పుకోమని, డాబా మెట్లు పదిసార్లు ఎక్కి దిగేది.

ఆమెకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు. పొద్దున లేస్తూనే మొదలైతే మంచం పట్టె పట్టుకుని వంగిపోయేది. మాట్లాడుతూ మధ్యలో ఊపిరి అందక చెయ్యి ఊపి ఆగమనేది. గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాను. ఆయన ఎక్స్‌రే చూసి, ఊదించి చూసి, "దుమ్ముకీ, పొగకీ, ఘాటుకీ దూరంగా ఉండాలమ్మా. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి" అన్నారు.

మూడు మాటలు చెప్పారు. నేను మూడోదాన్ని పట్టుకున్నాను.

మా వైపు ఎవరైనా అదే చేస్తారు. ఇక్కడ మనిషి తుమ్మితే మిరప, కళ్ళు మండితే మిరప, పిల్ల ఏడిస్తే మిరప. ముక్కు కింద ఇంకేం ఉన్నా కనపడదు. ఇంటికి రాగానే నేను డాబా ఎక్కి, పట్టా మీద ఎండుతున్న కాయల్ని బస్తాకెత్తి, పక్కవీధి వాళ్ళకి ఇచ్చేశాను. "ఇక ఈ ఇంట్లో మిరపకాయ కనపడటానికి వీల్లేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. మా ఆవిడ జల్లెడ కడిగి, తుడిచి, అటక మీద పెట్టింది. ఆ ఏడాది మేము కొట్లో కారం పొట్లం కొనుక్కుని తిన్నాం. బంధువులు ఫోన్ చేసి, "ఏం వదినా, ఈ ఏడు మాకు లేదా?" అని అడిగితే, "మీ అన్నయ్యగారు వద్దన్నారమ్మా" అని చెప్పేది. అంతకు మించి ఒక్క మాట లేదు.

దగ్గు తగ్గలేదు. వానలు పడగానే తగ్గింది, మాఘంలో మళ్ళీ వచ్చింది. రెండో ఏడూ అంతే. ఒకరోజు డాబా మీద నుంచి నా పంచె తెచ్చి నా ముందు పరిచింది. రోడ్డు వైపు తీగ మీద ఆరేసిన పంచె. అంచు నుంచి అంచు దాకా నల్లటి చార.

"ఏవండీ, మిరప దుమ్మైతే ఎర్రగా ఉండాలి గదా. ఇది కాటుకలా ఉందేంటి?" అంది.

"తీగ తుప్పు" అన్నాను.

"తుప్పు నల్లగా ఉంటుందా?" అని, పెరటి వైపు తీగ మీద ఆరేసిన ఇంకో పంచె తెచ్చి పక్కన వేసింది. మల్లెపువ్వులా ఉంది. "కాయ మానేసి రెండేళ్ళయింది. ఇంకెవరి మీద పెడతారు నేరం?"

నాకు జవాబు తోచకపోతే కాగితం తీసుకుంటాను. మొదటి అర్జీ ఆ సాయంత్రమే రాశాను. లారీలు మా వీధిలో నిలబడకుండా, మలుపు అవతల ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ స్థలంలో నిలబెట్టి, నంబరు చీటీ ఇచ్చి, ఒక్కొక్కటే పిలవాలని కోరాను. రెండు పంచెలూ మడిచి సంచిలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడి అధికారి పంచెల వైపు చూసి నవ్వాడు. "మిరపకాయల ఊళ్ళో ఉంటా దగ్గొస్తుందంటే ఎట్టాగండీ? సముద్రంలో ఉంటా ఒళ్ళు తడిసిందన్నట్టుంది."

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఎంతమంది నవ్వారో కూడా చెప్పగలను, నలుగురు.

"పొగండీ, లారీల పొగ" అన్నాను.

"ఎంత పొగ? కొలిచారా? ఊరికే పొగ, పొగ అంటే మేమేం రాసుకోవాలి?"

నవ్వినందుకు ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు. కొలిచారా అని అడిగినందుకు మాత్రం ఆయనకి దండం పెట్టాలి. ముప్పై ఏళ్ళు కాటా ముందు నిలబడ్డవాణ్ణి, ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది.

పెద్దరోడ్డు మీద పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే వ్యాను ఒకటి ఉంటుంది. అందులో ఒక అమ్మాయి కూర్చుని, బండి గొట్టంలో ఒక కడ్డీ పెట్టి, సర్టిఫికెట్ తీసిస్తుంది. మర్నాడు అక్కడికి వెళ్ళాను. నాకంటే వెనక వచ్చిన మూడు ఆటోల పని చూసి, అప్పుడు నన్ను పిలిచింది. ఆ మూడు ఆటోల సంగతి నేను మర్చిపోలేదు, ఆ అమ్మాయికి తర్వాత చెప్పాను కూడా.

"ఆ కడ్డీ పట్టుకుని ఒక్కసారి మా వీధికి రామ్మా" అన్నాను.

"వీధికి సర్టిఫికెట్ ఇవ్వరు తాతగారూ" అని నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "కూర్చోండి. ఏమైంది?"

చెప్పాను. మొత్తం విన్నది. మధ్యలో ఫోన్ చూసుకోకుండా నా మాట చివరిదాకా విన్న మనిషి ఆ ఏడాది ఆమె ఒక్కతే. బీటెక్ చదివిందట, పర్యావరణం సబ్జెక్టు. ఉద్యోగం రాక ఈ వ్యానులో కూర్చుంది.

"ఈ మెషీన్ బండి పాసా ఫెయిలా చెప్పుద్ది, అంతే. ఖాళీ బండిని నిలబెట్టి, యాక్సిలేటర్ తొక్కిచ్చి, అప్పుడొచ్చే పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తాం. మీ వీధిలో రోజంతా ఎంత పడిందో ఇది చెప్పదు. దానికి లెక్క కట్టుకోవాల."

"ఎట్టా కడతారు?"

ప్రింటు చెడిపోయిన సర్టిఫికెట్ ఒకటి తిరగేసి, వెనక గీతలు గీసింది. రోజుకి ఎన్ని బండ్లు, అందులో లారీలెన్ని, ట్రాక్టర్లెన్ని. పాతవెన్ని, కొత్తవెన్ని. ఒక్కొక్కటి ఇంజను ఆన్‌లో పెట్టి ఎంతసేపు నిలబడింది. నిలబడ్డ బండి గంటకి ఎంత డీజిల్ తాగుద్ది. "కాలిన డీజిల్ ఎంతో తెలిస్తే, లీటరుకి ఎంత మసి వస్తుందో పట్టికలు ఉన్నాయి, పాత బండికో అంకె, కొత్త బండికో అంకె. నేను తీసిస్తా. కాకపోతే పరిగెత్తే బండి అంకెలు నిలబడ్డ బండికి సరిగ్గా అతకవు. అందుకని తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, రెండూ రాద్దాం."

రెండు అంకెలు నాకు నచ్చలేదు. కాటా ఒకటే అంకె చూపిస్తుంది. "ఇది కొలత కాదమ్మా, ఊహ" అన్నాను.

"ఊహ కాదు తాతగారూ, అంచనా. మీ మిల్లులో పత్తిలో తేమ ఎట్టా చూసేవాళ్ళు?"

తేమ చూసే యంత్రం వచ్చేదాకా, వచ్చాక కూడా చాలాకాలం, కొనేవాడు పత్తి కుక్కిన బోరెం సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు పత్తి తీసి, పిండి, తూకంలో ఇంత తరుగు అనేవాడు. ఆ చేతి మీదే రైతులందరూ బతికారు. ఆ చెయ్యి తప్పడం నేను అరుదుగా చూశాను.

ఆ మర్నాటి నుంచి అరుగు మీద కూర్చుని లెక్క రాశాను. మా అరుగు ఎదురుగా టీ కొట్టు ఉంది. దాన్ని నడిపే ఆవిడని డ్రైవర్లందరూ అక్కా అంటారు. నన్ను చూసి మొదటి రోజే, "ఏంది బాబాయ్, లారీలకి దిష్టి పెడతన్నావా?" అంది. సంగతి చెప్పాను. ఆమెకి గిరాకీ అంతా ఆ లారీల మీదే. కాదంటుందనుకున్నాను. కొంగుతో ముక్కు తుడుచుకుని కొంగు చూపించింది. నల్లగా ఉంది. "పొద్దుగూకులూ ఇదే గదా నేను పీల్చేది. స్థలం మలుపు దగ్గరికి మారితే నా బండీ అక్కడికే తోసుకుంటా. నువ్వు అన్నానికి పోయినప్పుడు నాకు చెప్పు, నేను చూస్తా." ఆమెకి రాయడం రాదు. రెండు డబ్బాలు పెట్టుకుంది. లారీ వస్తే ఒక డబ్బాలో చింతపిక్క, ట్రాక్టరు వస్తే రెండోదాంట్లో పత్తిగింజ. నేను తిరిగొచ్చేసరికి డబ్బాలు ఒంపి చూపించేది. టీ కాస్తూ, డబ్బులు తీసుకుంటూ, డ్రైవర్లతో పోట్లాడుతూ కూడా ఒక్క పిక్క తప్పలేదు.

తప్పింది నేనే. పది రోజుల లెక్క తీసుకుని వ్యాను దగ్గరికి వెళ్తే ఆ అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి వరస వరసా లెక్కపెట్టింది.

"తాతగారూ, అన్నానికి పోయిన గంటలో అక్క వేసిన పిక్కలు ఇన్ని. మీరు కూర్చున్న గంటల్లో ఒక్కొక్క గంటకి దీనికి మూడింతలు. మీరు కూర్చుంటేనే లారీలు వస్తాయా?"

నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. లారీ పది అడుగులు జరిగి మళ్ళీ ఆగినప్పుడల్లా నేను ఇంకో గీత గీశాను. ఒకే లారీ మా అరుగు ముందు మూడు నాలుగు లారీలైంది. ఇంజను ఆపి పడుకున్నవాళ్ళని కూడా ఆన్‌లో ఉన్నట్టే రాశాను. అబద్ధం రాద్దామని కాదు. కోపంగా ఉన్నవాడి చేతికి గీత గీయడం తేలిక.

"ఇది పట్టుకెళ్తే మొదటి నిమిషంలోనే చించేస్తారు. అప్పుడు మీ ఆవిడగారి దగ్గు కూడా అబద్ధమంటారు" అంది ఆ అమ్మాయి. "మళ్ళీ రాయండి."

నా మొహాన ఆ మాట అన్నందుకు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కొత్త నోటుపుస్తకం కొన్నాను. ఈసారి బండి నంబరులో చివరి నాలుగు అంకెలు రాసుకున్నాను, వచ్చిన టైము, పోయిన టైము, ఇంజను ఆపితే ఆపిన టైము. నెల తిరిగేసరికి రోజుకి పడే లెక్క మొదటిదాంట్లో సగానికి కూడా రాలేదు. దిగులేసింది. అన్నం దగ్గర మా ఆవిడతో, "సగమే తేలిందే" అన్నాను.

ఆమె ముందు దగ్గింది. తర్వాత, "సగం పొగకే నాకు ఇంత దగ్గొస్తుంటే సగమే రాయండి" అంది.

ఇక డీజిల్ లెక్క మిగిలింది. నిలబడ్డ లారీ గంటకి ఎంత తాగుతుంది? ఒక్కో డ్రైవరు ఒక్కోటి చెప్పాడు. వాళ్ళలో పొన్నూరు వైపు నుంచి వచ్చే డ్రైవరు ఒకడున్నాడు. అంతకు ముందు వారమే అతనితో నాకు గొడవైంది.

"ఏరా, ఇంజను ఆపవా? మనుషులు చస్తంటే కనపళ్ళా?" అన్నాను.

"ఆపుతా పెద్దాయనా. మళ్ళీ సెల్ఫ్ అందుకోకపోతే నువ్వొచ్చి నెడతావా? బ్యాటరీ చచ్చింది. ముందు బండి జరిగినప్పుడు నేను జరక్కపోతే ఎనకోడు దూరేస్తాడు. ఆ తర్వాత నేను ఈడ కాపరం పెట్టాల్సిందే."

ఆ మాటకి నేను ఏదో అన్నాను, అతను ఇంకేదో అన్నాడు. అవి ఇక్కడ రాయక్కర్లేదు. అలాంటి మనిషి వారం తర్వాత మళ్ళీ లోడుతో వచ్చి, అక్క దగ్గర టీ తాగుతూ నా లెక్క సంగతంతా విని, అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒకరు లీటరంటారు, ఒకరు రెండంటారు. అట్టా అడిగితే ఏం తేలుద్ది? ట్యాంకు మూతి దాకా నింపి, రెండు గంటలు ఆన్‌లో పెట్టి, మళ్ళీ మూతి దాకా నింపితే సరి. ఎంత పోస్తే అంత తాగినట్టు."

వ్యాను అమ్మాయికి ఫోన్ చేశాను. మంచి పద్ధతే అంది, కానీ ఒక షరతు పెట్టింది. బండి కదలకూడదు. కదిలి రోడ్డు వాలు మారితే మూతి దగ్గర మట్టం మారుతుంది, లెక్క చెడుతుంది. నేను ఆ మాట అతనికి చెప్పి, అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు గంటలు కదలకుండా ఉండటమంటే వరసలో చోటు వదులుకోవడం. అతను పొద్దున్నే వచ్చి పట్టుకున్న చోటు అది.

అతను ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు. "కానీ. ఇయ్యాళ కాకపోతే రేపు దించుతారు. టిక్కీలేమన్నా పాలా, ఇరిగిపోవడానికి?" అని బండి రోడ్డు పక్కకి తీసి, వెనకవాళ్ళని పొమ్మని చెయ్యి ఊపాడు.

డబ్బాలతో డీజిల్ తెచ్చి, ముందు ట్యాంకు మూతి దాకా నింపాం. తర్వాత కొలిచి పొయ్యడానికి కొలత కావాలి. నేను లోపలికి వెళ్ళి మా ఆవిడని అడిగాను. ఆమె అటక మీద నుంచి లీటరు కొలపాత్ర దింపింది. ఇత్తడిది, వాళ్ళ అమ్మ ఇచ్చింది, ఆవకాయకి నూనె కొలిచేది. "డీజిల్ పోస్తే మళ్ళీ వంటింట్లోకి రాదు గదండీ ఇది" అంది. వేరే ఏదన్నా చూద్దామన్నాను. "ప్లాస్టిక్ చెంబులు నిజం చెప్పవు. తీసుకెళ్ళండి" అని నా చేతిలో పెట్టి, తనే గుమ్మంలోకి వచ్చి నిలబడి చూసింది.

రెండు గంటలు. ఇరవై లారీలు అతన్ని దాటుకుని పోయాయి. పోతూ పోతూ ఒక్కొక్కడు ఒక్కో మాట. "ఏంరా, పెద్దాయన కూతుర్నిస్తానన్నాడా?" "బండి అమ్మేశావా ఏందిరా?" అతను క్యాబిన్ మెట్టు మీద కూర్చుని బఠాణీలు నములుతూ, "మీకెందుకురా, పోండి పోండి" అంటున్నాడు. రెండు గంటలు అవగానే నేను కొలిచి పోశాను, అతను మూతి దగ్గర కన్ను పెట్టి చూశాడు. మూడు కొలతలు పూర్తిగా పట్టింది, నాలుగోది సగానికి కాస్త తక్కువ. అతను ఆ రోజు దించలేకపోయాడు. రాత్రికి బండిలోనే పడుకుని మర్నాడు మధ్యాహ్నం దించుకుని వెళ్ళాడు. మా ఆవిడ క్యారేజీ కట్టిస్తే, తిని, క్యారేజీ తోమి తెచ్చిచ్చాడు. "కూరలో కారం బాలేదమ్మా, కొట్టుదా?" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది.

ఆ తర్వాత వారంలో ముఠావాళ్ళు నాలుగు రోజులు పనిలోకి రాలేదు. కోల్డ్ స్టోరేజీ గేటు మూశారు, లారీలు వేరే ఊళ్ళకి మళ్ళాయి. వీధి ఎట్లా ఉందంటే, పక్కింట్లో చెంబు పడితే మా ఇంట్లో వినపడింది. రెండో రోజు పొద్దున మా ఆవిడ మంచం పట్టె పట్టుకోలేదు. మూడో రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు. డాబా మీద ఉంది. ఎవర్ని అడిగి తెప్పించిందో, పట్టా పరిచి, రాశి పోసుకుని, ముచ్చికలు తీస్తోంది. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోలేదు. రెండుసార్లు తుమ్మింది. ఆ కాయకి ఎవరైనా తుమ్ముతారు, నేనూ తుమ్మాను. గంటసేపు మెట్ల మీద నిలబడి విన్నాను, ఒక్క దగ్గు లేదు.

నన్ను చూసి చెయ్యి ఆపలేదు. "అడగండి" అంది.

"ఏమడగాలి?"

"పోనీ నేనే అడుగుతా. రెండేళ్ళు నా చేత ఎందుకు మాన్పించారు?"

ఆఫీసుల్లో జవాబు కోసం నేను ఎన్ని అర్జీలు పెట్టి కూర్చున్నానో చెప్పాను కదా. నా ఇంట్లో, నా డాబా మీద, ఒక మనిషి రెండేళ్ళుగా అట్లాగే కూర్చుని ఉంది. డాక్టరు మూడు మాటలు చెప్పారు, నాకు వినపడిందే విన్నాను, నువ్వు పంచె తెచ్చి చూపించినా తుప్పన్నాను, అని చెప్పాను. తప్పు నాది అన్నాను. పట్టా అంచున కూర్చుని ముచ్చికలు తియ్యడం మొదలుపెట్టాను. నాకు సరిగ్గా రాదు, కాయ చిట్లుతుంది. ఆమె చిట్లిన కాయలు ఏరి పక్కన పెడుతూ, "సరేలెండి, లెక్క పూర్తి చెయ్యండి ముందు" అంది.

లెక్క పూర్తి చేసింది వ్యాను అమ్మాయే. రెండు అంకెలు వేసింది. తక్కువ అంకె ప్రకారమైనా, ఒక్క సీజన్లో మా వీధిలో నిలబడ్డ బండ్లు వదిలిన మసి, మా ఆవిడ ఏడాదికి పట్టించే కారంలో సగం తూగుతుంది. ఎక్కువ అంకె ప్రకారం మొత్తం కారమంత తూగుతుంది. అదంతా మా ఇంట్లోనే పడదనీ, గాలికి చాలా పోతుందనీ కింద రాయించింది. రాయకపోతే బలంగా ఉంటుంది కదా అన్నాను. "రాస్తేనే బలం తాతగారూ" అంది. నా అర్జీలన్నిటిలో వంక పెట్టడానికి వీల్లేని కాగితం ఆ ఒక్కటే.

లెక్క రాస్తున్నన్నాళ్ళూ ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ తిరిగి ఇంకో ఆరు అర్జీలు పెట్టాను. ఎనిమిదో అర్జీకి ఆ లెక్క జతచేసి తీసుకెళ్ళాను. అదే అధికారి. ఈసారి నవ్వలేదు, పేజీలు తిప్పాడు. చివరికి, "ఇది అంచనా గదండీ, కొలత కాదు గదా" అన్నాడు.

"తుఫానొచ్చి మా ఊరి పత్తి పడిపోయినప్పుడు మీ వాళ్ళు జీపు దిగకుండా చూసి రాసుకుపోయింది ఏందండీ? అంచనా గదా? దాని మీదే గదా మాకు సాయం ఇచ్చింది? మీ అంచనా పనికొస్తే నాది ఎందుకు పనికిరాదు? నేను జీపులోంచి చూళ్ళేదు. అరుగు మీద కూర్చుని, బండి నంబర్లతో సహా రాశాను" అన్నాను.

"చూస్తాం" అన్నాడు. అది పోయిన వేసవి మాట.

ఇప్పుడు మళ్ళీ చేలల్లో కాయ ఎర్రబడుతోంది. టీ కొట్టు అక్క రెండు డబ్బాలూ కడిగి బోర్లించింది. పొన్నూరు డ్రైవరు కొత్త బ్యాటరీ వేయించుకున్నానని ఫోన్ చేశాడు, ఇక మీ ఇంటి ముందు ఇంజను ఆపుతానన్నాడు. వ్యాను అమ్మాయికి ఇంకా మంచి ఉద్యోగం రాలేదు, రావాలని నేను రోజూ కోరుకుంటాను. నాకు కోపం తప్ప ఏమీ లేనప్పుడు దానికి ఒక లెక్క ఇచ్చింది వీళ్ళు. ఆఫీసులో నలుగురు నవ్విన అవమానానికి బదులుగా ఇది ఎక్కువే. డీజిల్ వాసన వదలని ఆ ఇత్తడి కొలపాత్ర మా అరుగు గూట్లో ఉంటుంది. మా ఆవిడ ఈ ఏడు ఇరవై ఇళ్ళకీ ఒప్పుకుంది. వేటపాలెం వియ్యపురాలికి తనే ఫోన్ చేసి చెప్పింది. జల్లెడ అటక దిగింది.

లారీలు రావడానికి నెల కూడా లేదు. అవి మళ్ళీ మా అరుగు ముందే నిలబడితే ఆమె డాబా మీద మూడెండలు కాదు గదా, మూడు గంటలు కూడా కూర్చోలేదు. అందుకే అధికారి గారినే అడుగుతున్నాను. మలుపు అవతల స్థలంలో లారీలు నిలపనిస్తారా, నిలపనివ్వరా? నిలపనివ్వకపోతే కారణం ఏమిటి? నా లెక్క తప్పైతే ఏ గీత తప్పో చూపించండి, పుస్తకం తెస్తాను. మా ఆవిడకి నేను రెండేళ్ళు ఆలస్యంగానైనా జవాబు చెప్పాను. మీకు ఎనిమిది అర్జీలు చేరాయి. ఒక్కదానికైనా జవాబు రాసి, కింద సంతకం పెట్టి పంపండి.